ముందుమనిషి లేని పడవ

1. పరుగుకి ముప్ఫై ఎనిమిది రోజులు

గాలి: ఆగ్నేయం, మధ్యస్తం. ముందుమనిషి: లేదు. వెనకమనిషి: మల్లాడి పల్లాలమ్మ.

ఈ పుస్తకం నీటి బోర్డువాళ్లది. ఏటా పెట్టే పడవ పరుగుకి దిగే ప్రతి లంకా సాధన ఏ రోజు చేసిందీ, ఎలా చేసిందీ ఇందులో రాసి చూపించాలి. కర్రిలంక తరపున ఎనిమిదేళ్లుగా నేనే రాస్తున్నాను. ఇంతకాలం గడులు నింపి కింద "బాగా జరిగింది" అని రాసేదాన్ని. ఇవాళ రాయాల్సింది ఎక్కువుంది. అందుకని పేజీ వెనకవైపు కూడా వాడుతున్నాను.

ముందుమనిషి గడిలో ఎనిమిదేళ్లుగా ఉన్న పేరు మల్లాడి మరిడమ్మ. నా తోడికోడలు. మా ఇద్దరి మొగుళ్లూ అన్నదమ్ములు. పదకొండేళ్ల కిందట ఒకే పడవలో వెళ్లి తిరిగి రాలేదు. మూడేళ్ల తర్వాత లంక పడవ మా చేతికొచ్చింది.

మరిడి నిన్న బోర్డు లాంచీ ఎక్కి మెట్టకి వెళ్లిపోయింది. అక్కడ ఆమెకి మూడో అంతస్తులో గది ఇచ్చారు. గదిలో కుళాయి ఉందట. తిప్పితే మంచినీళ్లు వస్తాయట.

ఆమెని తప్పు పట్టను. కిడ్నీలో రాళ్లున్నాయి. మా నీళ్లు తాగితే ముత్యాలు పడతాయా? కానీ గది కాయితం ఎప్పుడొచ్చిందో మాత్రం ఇక్కడ రాయాలి. పరుగుకి పేర్లు ఇచ్చే గడువు శుక్రవారం సాయంత్రంతో ముగిసింది. ఆ తర్వాత పేరు మార్చడానికి లేదు. శనివారం పొద్దున కాయితం వచ్చింది. రెండేళ్ల కిందట పొగాకులంకలో కూడా గది ముందుమనిషికే దొరికింది, అదీ గడువు దాటిన మర్నాడే. పొగాకులంకలో ఇప్పుడు నీటికాకులు ఉంటున్నాయి.

లాంచీ ఎక్కబోతూ మరిడి అంది, "అక్కా, నువ్వూ వచ్చేయరాదా. రాసిస్తే నీకూ ఇస్తారు."

"నాకు రాళ్లు లేవుగా."

"ఎందుకు లేవు, బుర్రలో ఉన్నాయి."

"అవి నావి. ఉండనీ."

నవ్వింది. తన నడుం పట్టా విప్పి నా చేతిలో పెట్టింది. లాంచీ మలుపు తిరిగేదాకా మా ఇద్దరిలో ఎవరూ చెయ్యి ఊపలేదు.

2. పరుగుకి ముప్ఫై ఏడు రోజులు

గాలి: అదే. ముందుమనిషి: లేదు. వెనకమనిషి: పల్లాలమ్మ.

ఒక్కదాన్నే దిగాను. పడవ మూడుసార్లు బోల్తా పడింది.

మా పడవ పేరు కొంగ. మోటార్లు ఆగిపోయిన ఏడాది బోర్డువాళ్లు ఎక్కడో మూతపడిన పడవల క్లబ్బు నుంచి తెచ్చి లంకకొకటి పంచారు. పూర్వం సరదాకి పందేలు వేసుకునేవాళ్లట వీటితో. ఇద్దరి కోసం చేసిన పడవ. వెనక కూర్చున్న మనిషి చుక్కాని, పెద్ద తెరచాప తాడు పట్టుకుంటుంది. ముందుమనిషి చిన్న చాప చూసుకుంటుంది. గాలి ఎక్కువైనప్పుడు నడుం పట్టాకి తెరచాప కొయ్య మీంచి దిగే తీగ తగిలించుకుని, పడవ అంచు మీద కాళ్లు ఆనించి, ఒళ్లంతా నీళ్ల మీదకి వాలుస్తుంది. ఆ బరువే పడవని పడిపోకుండా ఆపుతుంది. ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో ఇవాళ మూడుసార్లు చూశాను.

గట్టు మీద వల కుట్టుకుంటూ గవర్రాజు మావ చూస్తున్నాడు. లంకలో వడ్రంగం తెలిసిన మనిషి ఆయనొక్కడే. డెబ్బై దాటాయి.

"ఏంటే పల్లాలూ, స్నానం ఎన్నిసార్లు చేస్తావ్?" అన్నాడు.

"మురికి ఎక్కువుంది మావా."

"పడవ కడుగుతున్నావేమో అనుకున్నాను. అడుగు బాగా తెల్లగా కనబడుతోంది."

బోల్తా పడ్డ పడవని లేపడం నాకు వచ్చు. పడవ పొట్టలోంచి నీళ్లలోకి దిగే అడుగుపలక ఒకటుంటుంది. పడవ పడినప్పుడు దానిమీదకెక్కి నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే లేస్తుంది. ఇద్దరికైతే తేలిక. నా బరువుకి మూడోసారి చాలాసేపు పట్టింది. ఎంతసేపో రాయను.

3. పరుగుకి ముప్ఫై మూడు రోజులు

గాలి: లేదు. సాధన లేదు.

బోర్డు ఇన్‌స్పెక్టరు దైవసహాయంగారు వచ్చారు. పదిరోజుల నుంచి మా మీద తిరుగుతున్న తూనీగ, అంటే బోర్డు ఎగరేసే కెమెరా, నేను పడడం ఆయనకి చూపించిందట.

టీ ఇచ్చాను. మా నీళ్లతో కాచిన టీ. ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు. ఉప్పగా ఉంటుంది. అందుకే ఇచ్చాను.

"పల్లాలమ్మగారూ, ఇది ఇద్దరి పడవండి."

"ఇద్దరి పడవేనండి. రెండో మనిషికి మీరే గదిచ్చారు."

"అది వైద్య కారణం."

"రాళ్లు ఆరేళ్ల నుంచి ఉన్నాయండి."

ఆయన చెడ్డమనిషి కాదు. శుభ్రంగా ఉతికిన చొక్కా వేసుకుని, ఎక్కడ చూడాలో తెలియక గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నారు. నేను నిబంధనలు చదివి వినిపించమన్నాను. చదివారు. లంకకిచ్చిన పడవే వాడాలి. గడువులోగా ఇచ్చిన పేర్లవాళ్లే ఎక్కాలి. మెట్ట మీది బోర్డు స్టేషనుకి ఆరు మైళ్లు వెళ్లి, ముద్ర వేయించుకుని, నాలుగు గంటల్లో లంకకి తిరిగి రావాలి. దారిలో కాలు నేలకి తగలకూడదు. బయటి సాయం తీసుకోకూడదు.

"మనుషులు తగ్గకూడదని ఉందా?"

వెతికారు. "లేదండి. తగ్గించుకుని వచ్చేవాళ్లు ఉంటారని ఎవరూ అనుకోలేదు."

మునిగితే బోర్డుకి బాధ్యత లేదని ఒక కాయితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. తేలితే ఎవరి బాధ్యత అని అడిగాను. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఈ పుస్తకం చదివే బోర్డువాళ్లకి తెలిసిందే అయినా రాస్తున్నాను. ఆపదొస్తే మీ లాంచీ రాదన్నారు. బ్యాటరీలు చాలవన్నారు. సొంతంగా స్టేషను చేరుకోలేని లంకని లంకగా లెక్క కట్టేది లేదన్నారు. పరుగు తప్పితే పదిరోజులకోసారి వచ్చే మంచినీళ్ల పడవ ఆగుతుంది. నెలలోగా మా నలభై ఒక్కమందినీ మెట్ట మీద గదుల్లో పెడతారు. గదికి ఇద్దరు. ఎవరితో ఎవరనేది చీటీ తీసి చెబుతారు. అక్కడ కుళాయి ఉంటుంది. చెయ్యడానికి పనుండదు. ఇక్కడ గుర్రపుడెక్క మీద మట్టి పరిచి పెంచిన తేలే మడులున్నాయి. వాటిమీద వంకాయలున్నాయి. నీళ్లు ఉప్పగా ఉన్నా వంకాయ ఉప్పగా లేదు. మాకు ఇక్కడ పనుంది.

4. పరుగుకి ఇరవై తొమ్మిది రోజులు

గాలి: ఆగ్నేయం, గట్టిగా. ముందుమనిషి: లేదు.

రెండు చేతులతో మూడు పనులు చెయ్యాలి. చుక్కాని, పెద్ద చాప తాడు, చిన్న చాప తాడు. ఇవి కాక వేలాడ్డం ఒకటి.

గవర్రాజు మావ చుక్కాని పిడికి నాలుగు మూరల వెదురుకర్ర అతికాడు. ఇప్పుడు నేను తీగకి వేలాడుతూ కూడా చుక్కాని తిప్పగలను. చిన్న చాప తాళ్లు రెండూ వెనక్కి తీసుకొచ్చి, పళ్లున్న బిళ్లల్లో ఇరికేలా చేశాడు. లాగి వదిలేస్తే అక్కడే ఉంటాయి.

"మిగిలింది బరువు," అన్నాడు. "మరిడి ఎంతుంటుంది?"

"అరవై ఉంటుంది."

"నువ్వు తిండి పెంచితే?"

"ఇరవై తొమ్మిది రోజుల్లో అరవై కిలోలా మావా?"

"ప్రయత్నం చెయ్యందే ఎలా తెలుస్తుంది," అని వంకాయలు నా ముందుకి తోశాడు.

ఖాళీ మంచినీళ్ల డబ్బాలు రెండు తీసుకున్నాం. ఒక్కోటి ఇరవై లీటర్లు. ఉప్పునీళ్లు నింపి, మూతలు బిగించి, పడవకి అడ్డంగా కట్టిన తాడు మీద జారేలా కట్టాం. గాలి వచ్చే వైపు అంచుకి వాటిని లాగాలి. పడవ మలుపు తిరిగినప్పుడల్లా మళ్లీ రెండోవైపుకి లాగాలి. నలభై కిలోలు. మరిడి అయితే తనంతట తను వచ్చేది. ఇవి రావు. అలాగని గొణగవు కూడా.

ఇవాళ రెండుసార్లే పడ్డాను.

5. పరుగుకి ఇరవై రెండు రోజులు

గాలి: ఆగ్నేయం, విసురుగా. ముందుమనిషి: లేదు.

ఎందుకు పడుతున్నానో తెలిసింది. చేతులు తక్కువై కాదు.

మా లంకలో పడవ నేర్పే పద్ధతి ఒకటుంది. నీళ్లు చూసేది ముందుమనిషి ఒక్కతే. గాలి విసురు వచ్చే ముందు నీళ్ల మీద నల్లటి మచ్చ పరుగెత్తుకుంటూ వస్తుంది. ముందుమనిషి దాన్ని చూసి "వస్తంది" అంటుంది. దగ్గరికి రాగానే "వంగు" అని తనకి తనే చెప్పుకున్నట్టు అరిచి నీళ్ల మీదకి వాలుతుంది. ఆ మాట వినగానే వెనకమనిషి పెద్ద చాపని బిగించి లాగుతుంది. వాలిన బరువూ, లాగిన చాపా ఒకేసారి కలిస్తే పడవ బాణంలా పోతుంది. వెనకమనిషి నీళ్ల వైపు చూడకూడదు. చాప అంచు మాత్రమే చూడాలి. చూపు తిప్పితే పెద్దవాళ్లు కర్రతో వీపు మీద ఒకటి వేసేవాళ్లు. ఇద్దరూ నీళ్లు చూస్తే పడవలో రెండు ఆలోచనలు పుడతాయనేవాళ్లు.

ఎనిమిదేళ్లు నేను చెవితో పడవ నడిపాను. నీళ్లు చూడ్డం నాకు రాదు.

గవర్రాజు మావతో చెప్పాను. ఆయన వల పక్కన పెట్టి, "ఎనిమిదేళ్లు కళ్లు అద్దెకిచ్చావన్నమాట," అన్నాడు.

"తిరిగి తీసుకోవాలి."

"అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తారా?"

రేపటి నుంచి పొద్దున మడుల పని అయ్యాక గట్టు మీద కూర్చుని గంటసేపు నీళ్లు చూస్తాను. పడవ ఎక్కను. మచ్చ ఎక్కడ పుడుతుంది, ఎంతసేపట్లో గట్టు చేరుతుంది, లెక్కపెడతాను. దీన్ని సాధన కింద రాసుకోవచ్చో లేదో బోర్డు నిర్ణయించుకోవచ్చు. నేను రాసేశాను.

6. పరుగుకి పదమూడు రోజులు

గాలి: ఆగ్నేయం, గట్టిగా. ముందుమనిషి: పల్లాలమ్మ. వెనకమనిషి: పల్లాలమ్మ.

ఇవాళ ఒక్కసారి కూడా పడలేదు. అందుకని గడిలో "లేదు" అని రాయడం మానేశాను.

"వస్తంది" అని పైకే అంటున్నాను. నాకు నేను చెప్పుకోకపోతే చెయ్యి కదలడం లేదు. "వంగు" మాత్రం అనడం లేదు. ఒక్క మనిషి అయినప్పుడు విసురు రాగానే చాప బిగించకూడదు, కాస్త వదలాలి. ఇద్దరున్నప్పుడు చేసినదానికి సరిగ్గా తలకిందులు. కాబట్టి "వదులు" అంటున్నాను. గొంతు పెద్దదైందేమో, మడుల మీదున్నవాళ్లు కూడా చేస్తున్న పని వదిలేసి చూస్తున్నారు.

వెళ్లి రావడానికి నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఇరవై నిమిషాలు ఎక్కువ.

7. పరుగుకి ఆరు రోజులు

గాలి: మామూలు. ముందుమనిషి, వెనకమనిషి: పల్లాలమ్మ.

నాలుగు గంటల ఆరు నిమిషాలు.

వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడు ఎదురుగాలి. అటోసారి ఇటోసారి మలుపులు తిరుగుతూ పైకి రావాలి. ప్రతి మలుపుకీ డబ్బాలు లాగాలి. అక్కడే పోతున్నాయి నిమిషాలు.

మధ్యలో మునిగిన రోడ్డుంది. పూర్వం బస్సులు నడిచిన తారురోడ్డు, తూర్పు పడమరలుగా. పోటు నిండినప్పుడు కూడా దానిమీద లోతు ఉండదు. అందుకని అందరం పడమటికి చుట్టు తిరిగి, వంతెన కూలిన సందులోంచి వస్తాం. ముప్పావు మైలు ఎక్కువ. మూడేళ్ల కిందట నేనూ మరిడీ రోడ్డు మీంచే దాటబోయాం. అడుగు గీసుకుని చీలింది. అక్కడ గవర్రాజు మావ వేసిన అతుకు ఇప్పటికీ ఉంది.

గవర్రాజు మావ చిన్న డింగీ పడవలో వెళ్లి కర్రతో లోతు చూసి వచ్చాడు. పోటు బాగా నిండితే జానెడు మీద రెండు వేళ్లు.

"ఒక్క మనిషితో కొంగ ఎంత దిగుతుంది?" అని అడిగాను.

"జానెడు."

"డబ్బాలతో?"

"ఇంకో వేలు. ఒక్క అల లేచిందంటే గీసుకుంటుంది."

"డబ్బాలు లేకపోతే ఎదురుగాలికి నిలవదు మావా."

"అందుకే రోడ్డు సంగతి మర్చిపో," అన్నాడు. ఇరుక్కుంటే దిగి నెట్టడానికి లేదు. కాలు నేలకి తగిలితే పరుగు చెల్లదు. మర్చిపోయాను.

8. పరుగు రోజు

గాలి: ఆగ్నేయం, గట్టిగా, విసుర్లు. ముందుమనిషి, వెనకమనిషి: పల్లాలమ్మ.

మధ్యాహ్నం పన్నెండూ పదికి దైవసహాయంగారు ఈల వేశారు. నాలుగూ పదికల్లా తిరిగి రావాలి. లాంచీ నా వెనకే బయలుదేరింది. లాంచీ ముందు మెట్టు మీద మరిడి కూర్చుని ఉంది.

నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. వాళ్ల లాంచీ పోయినసారి ఇసుకలో కూరుకుపోయిందట. దారి తెలిసిన మనిషి కావాలని మెట్ట మీద వెతికితే ఆమె దొరికింది. కొత్త చీర కట్టుకుంది. బుగ్గలు కాస్త నిండాయి. నా వైపు చూసి తల పంకించింది. నేనూ పంకించాను.

స్టేషను ఒంటిగంటా ఇరవై అయిదుకి చేరాను. మెట్ల దగ్గర ఒక చేత్తో గుంజ పట్టుకుని, ఇంకో చేత్తో పుస్తకం అందించాను. ముద్ర వేసే గుమస్తా సిరా పెట్టె తెరిచి, ఎండిపోయిందని లోపలికి వెళ్లాడు. పడవ గుంజుతోంది. కాలు మెట్టు మీద పెడితే హాయిగా ఉంటుంది, పరుగు పోతుంది. గుమస్తా సిరాతో తిరిగొచ్చి, ముద్ర కాయితం మీద నొక్కి, సరిగ్గా పడలేదని రెండోసారి నొక్కాడు.

"ఒక్కటి చాలండి," అన్నాను.

"అందంగా ఉండాలి కదమ్మా," అన్నాడు.

ఒకటీ ముప్ఫై ఒకటికి బయటపడ్డాను.

తిరుగుదారిలో మొదటి గంటంబావు బాగా నడిచింది. మచ్చలు కనబడుతున్నాయి. వస్తంది. వదులు. వస్తంది. వదులు. లాంచీ కుడిపక్కన వంద గజాల దూరంలో చప్పుడు లేకుండా వస్తోంది. రెండూ యాభై అయిదుకి ఒక మలుపు తిప్పి, పడవలో వంగి డబ్బాలు రెండోవైపుకి లాగుతున్నాను. అందుకని నీళ్లు చూడలేదు.

"వంగూ."

మరిడి గొంతు. ఎనిమిదేళ్లు విన్న గొంతు. నా బుర్రకి తెలిసేలోపే నా చెయ్యి పెద్ద చాపని బిగించి లాగేసింది. నీళ్ల మీదకి వాలే మనిషి లేదు. విసురు తగిలింది. కొంగ ఒక్క ఊపున పక్కకి పడింది. నేను నీళ్లలో తేలేసరికి చాప నీళ్లమీద పరుచుకుని ఉంది. డబ్బాల తాడు తెగింది. రెండు నీలం డబ్బాలూ మూతలు మాత్రం పైకి కనబడుతూ, అలల్లో ఊగుతూ వెళ్లిపోతున్నాయి.

లాంచీ దగ్గరికొచ్చింది. మరిడి నోటి మీద చెయ్యి పెట్టుకుని ఉంది. దైవసహాయంగారు కాయితం మీద ఏదో రాస్తున్నారు.

"ఏం రాస్తున్నారండీ?"

"బయటి సాయం అందిందండి. పిలుపు వచ్చింది, మీరు పాటించారు. నిబంధన ప్రకారం పరుగు చెల్లదు."

నేను అడుగుపలక పట్టుకుని, నోట్లో నీళ్లు ఉమ్మి, "పాటించే పడ్డానండి. సాయం వల్ల మునిగినవాళ్లు మీ పుస్తకంలో ఇంకెవరన్నా ఉన్నారా?" అన్నాను.

ఆయన కలం పైకెత్తారు.

"నేను ఆవిడకి సాయం చెయ్యాలని అరవలేదు సార్," అంది మరిడి. "మచ్చ కనబడితే నోరు ఊరుకోదు."

"నువ్వు మాట్లాడకు మరిడీ," అన్నాను. "నీ మాటకి ఇప్పటికే ఒకసారి మునిగాను."

దైవసహాయంగారు పడవ వైపు చూశారు, పోతున్న డబ్బాల వైపు చూశారు. ఉప్పు టీ తాగినప్పటి మొహమే పెట్టారు. రాసింది అడ్డంగా కొట్టేసి, కింద "ఆటంకం" అని రాశారు. "టైం నడుస్తోందండి," అన్నారు.

"ఆ డబ్బాలు అందించమంటావా అక్కా?" అంది మరిడి, అలవాటుగా.

"అదీ సాయమే. ఊరుకో."

పలకమీదకెక్కి నిలబడ్డాను. మొదటిసారి లేవలేదు. రెండోసారి మరిడి పట్టా నడుముకి ఉన్న సంగతి గుర్తొచ్చి, దాని కొక్కేన్ని అంచు తాడుకి తగిలించి, చేతులు వదిలి వెనక్కి పడ్డాను. లేచింది. నీళ్లు తోడి, చాప బిగించేసరికి మూడూ తొమ్మిది. పద్నాలుగు నిమిషాలు పోయాయి. గంట మిగిలింది.

డబ్బాలు లేవు. నిండా గాలి పట్టలేను. ప్రతి విసురుకీ సగం గాలి వదిలేస్తూ వెళ్లాలి. అలా వెళ్తే వంతెన సందు తిరిగి లంక చేరడానికి గంటంబావు పడుతుంది. ఇది లెక్క వేసేందుకు పెద్ద చదువు అక్కర్లేదు.

డబ్బాలు లేవంటే ఇంకో సంగతి కూడా ఉంది, కొంగ దిగే లోతు. జానెడు.

మూడూ ముప్ఫై అయిదుకి రోడ్డు దగ్గరికొచ్చాను. పోటు బాగా నిండి ఉంది. ఎండలో నీళ్ల కింద నల్లగా కనబడుతోంది. రోడ్డు పక్క మైలురాయి తల నీళ్లపైకి ఉంది. దానిమీద అంకెలు ఎప్పుడో పోయాయి. దాటడానికి రోడ్డు వెడల్పు పడవకి మూడింతలుంటుంది. అడుగుపలక పైకి లాగితే ఎదురుగాలికి పడవ నిలవదు, పక్కకి జారిపోతుంది. అందుకని గాలిని పక్కనుంచి తీసుకుని, వేగం తెచ్చుకుని, ఆఖరిక్షణంలో పలకా చుక్కానీ రెండూ ఎత్తేసి, ఆ ఊపుతోనే దాటాలి. రెండూ ఎత్తేశాక పడవ నా చేతిలో ఉండదు.

లాంచీ రోడ్డు దగ్గర ఆగిపోయింది. దానికి లోతు చాలదు. దైవసహాయంగారు లేచి నిలబడ్డారు.

"పల్లాలమ్మగారూ, సందు అటు," అన్నారు.

"సాయం చెయ్యకండి," అన్నాను.

మచ్చ కోసం చూశాను. పెద్దది కావాలి. ఎడమవైపు ఒకటి పుట్టింది. గట్టు మీద కూర్చుని లెక్కపెట్టినట్టే లెక్కపెట్టాను. పన్నెండు. తొమ్మిది. ఈసారి వదలాలనుకోలేదు. వస్తంది అన్నాను. మరిడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తీగకి తగిలించుకుని, అంచు మీద కాళ్లు ఆనించి, "వంగు" అని నేనే అని, నీళ్లమీదకి వాలి చాప లాగాను.

కొంగ లేచి పరుగెత్తింది. రోడ్డు అంచు రాగానే లోపలికి దూకి పలక లాగాను, చుక్కాని ఎత్తాను. అడుగున ఒకసారి గరగరమంది. పాత అతుకు దగ్గరే. ఊపు తగ్గింది. నేను ముందుకి జరిగి, కొయ్య మొదట్లో ముడుచుకుని కూర్చున్నాను, వెనక భాగం తేలికపడాలని. అది ముందుమనిషి చోటు. ఒక అల వచ్చి ఎత్తింది. గరగర ఆగింది.

పలక దించాను. చుక్కాని దించాను. వెనక్కి చూడలేదు.

నాలుగూ ఆరుకి లంక గట్టు చేరాను. మూడు గంటల యాభై ఆరు నిమిషాలు. గట్టు మీద నలభైమందీ ఉన్నారు. గవర్రాజు మావ నీళ్లలోకి దిగి పడవ అడుగు తడిమి చూసి, "నా అతుకు నిలిచింది," అన్నాడు.

"నేను కూడా నిలిచాను మావా."

"నిన్ను నేను అతకలేదుగా," అన్నాడు.

లాంచీ సందు చుట్టూ తిరిగి నాలుగున్నరకి వచ్చింది. దైవసహాయంగారు గట్టుమీది గడియారమూ, తూనీగ తీసిన బొమ్మా చూసి, సంతకం పెట్టారు. వచ్చే ఏడాది పరుగుకి నిబంధన మార్చే ఆలోచన ఉందని, ఇద్దరు తప్పనిసరి అని రావచ్చని చెప్పారు.

"ఎప్పుడు మారుస్తారో గడువు లోపలే చెప్పండి," అన్నాను. "శనివారం పొద్దున కాకుండా."

మరిడి లాంచీ దిగలేదు. దిగితే ఆమె గది పోతుంది. నేను వెళ్లి లాంచీ అంచు దగ్గర నిలబడ్డాను.

"దెబ్బ తగిలిందా అక్కా?"

"లేదు."

"నీళ్లు చూడ్డం ఎప్పుడు నేర్చావ్?"

"నువ్వెళ్లాక."

"ఆఖరి విసురు నేను చూసిన దానికంటే ముందే చూశావ్," అంది. నేను పట్టా విప్పి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

9. పరుగు తర్వాత పదో రోజు

గాలి: ఆగ్నేయం, మధ్యస్తం. ముందుమనిషి, వెనకమనిషి: పల్లాలమ్మ.

ఇవాళ మంచినీళ్ల పడవ వచ్చింది. నలభై ఒక్కమంది బిందెలు పట్టుకున్నాం. ఈ ఏడాదికి వస్తుంది.

పడవ సరంగు నాకు విడిగా రెండు నీలం డబ్బాలు దించాడు. నావే. లాంచీవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు నీళ్లలో తీశారట. నిండుగా ఉన్నాయి. మూత తీసి వేలు ముంచి చూశాను. తియ్యటి నీళ్లు. కుళాయివి.

"మూడో అంతస్తు ఆవిడ పంపింది," అన్నాడు సరంగు. "ఉప్పునీళ్లకంటే మంచినీళ్లు తేలికట. డబ్బాల్లో ఇవే ఉంచుకుంటే లాగడం సులువట. మర్చిపోకుండా చెప్పమంది."

ఆమె చెప్పింది నిజమే. తేలికే. కానీ నాకు కావలసింది బరువు.

ఒక డబ్బా గవర్రాజు మావ ఇంటి ముందు పెట్టాను, ఎవరికి కావాలంటే వాళ్లు తాగుతారు. రెండోది మా ఇంట్లో పెట్టుకుని ఒక గ్లాసు తాగాను. బాగున్నాయి. బాగుండవని నేనెప్పుడూ అనలేదు. అడిగినవాళ్లకల్లా పోశాను, సాయంత్రానికి రెండూ ఖాళీ అయ్యాయి.

రెండింటినీ ఉప్పునీళ్లతో నింపి, మూతలు బిగించి, కొత్త తాడుతో పడవకి కట్టాను. నిబంధన మారేలోపు నా పరుగుని మూడు గంటల నలభై నిమిషాలకి తేవాలి. ఇద్దరు తప్పనిసరి అంటే, లంకలో ఇంకొకరికి నేర్పడానికి ఏడాది ఉంది. ఈసారి ఇద్దరికీ నీళ్లు చూడ్డం నేర్పుతాను.

ఈ పేజీతో మీరిచ్చిన పుస్తకం అయిపోయింది. ఇంకోటి పంపండి. లావుపాటిది.